పేదల ఇళ్ల నిర్మాణంలో భాగస్వామ్యాలు: యువతకు తెరుచుకునే ఉద్యోగ మార్గాలు

ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబం నగరంలో పక్కా ఇంటికి చేరాలంటే స్థలం, డబ్బు, నిర్మాణ నైపుణ్యం, ప్రభుత్వ అనుమతి అనే నాలుగూ ఒకేచోట సమకూరాలి. బస్తీవాసుల నమ్మకం, వారి ఇళ్ల వివరాలు, దాతల సహాయం లాభాపేక్ష లేని సంస్థల దగ్గర ఉంటే, మేస్త్రీలు, యంత్రాలు, నిర్మాణ అనుభవం బిల్డర్ల దగ్గర, స్థలం, సబ్సిడీ చాలావరకు ప్రభుత్వం దగ్గర ఉంటాయి కనుక, ఈ పక్షాలు చేయి కలపనిదే పేదల గృహనిర్మాణం పెద్ద ఎత్తున సాగదు. ఆ కలయికను నడిపించగల నిపుణుల అవసరం నుంచే ఒక వృత్తిరంగం రూపుదిద్దుకుంటోంది. తాను చదివిన విద్యతో పాటు అవతలి పక్షం లెక్కను, భాషను కూడా నేర్చుకున్నవారే ఈ రంగంలో నిలదొక్కుకోగలరు.

ఎవరి పాత్ర ఏమిటి?

స్థలం, అనుమతులు, నిధులు సమకూర్చి ప్రాజెక్టు భారమంతా మోసే పక్షాన్ని డెవలపర్ అంటారు. ఒప్పందం ప్రకారం కట్టి అప్పగించే పక్షం బిల్డర్ లేదా కాంట్రాక్టర్. లాభాపేక్ష లేని డెవలపర్లు ట్రస్టుగానో, సొసైటీగానో, 2013 నాటి కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద కంపెనీగానో నమోదై ఉంటారు. వీరి పనిలోనూ మిగులు ఉండవచ్చు గానీ దాన్ని సభ్యులకు పంచకుండా సంస్థ ఆశయానికే వెచ్చించాలి.

ముంబైలో 1984లో ఏర్పడిన స్పార్క్ సంస్థ, నేషనల్ స్లమ్ డ్వెల్లర్స్ ఫెడరేషన్, పేద మహిళల పొదుపు బృందాల వేదిక అయిన మహిళా మిలన్‌తో కలిసి సాగించిన కృషి ఇందుకు చక్కని ఉదాహరణ. మహిళా మిలన్ సభ్యులు గుడ్డలు, కర్రలతో అసలు కొలతల్లోనే ఇంటి నమూనాలు నిలబెట్టి, గది ఎత్తు 14 అడుగులు ఉంటే లోపలే అటకలాంటి అర అంతస్తు వేసుకోవచ్చని, ఇరుకు ఇంట్లో పిల్లల చదువుకూ పడకకూ అది ఉపయోగపడుతుందని తేల్చారు. నిర్మాణ బాధ్యతలు చేపట్టేందుకు ఈ కూటమి 1998లో స్పార్క్ సముదాయ నిర్మాణ్ సహాయక్ అనే లాభాపేక్ష లేని కంపెనీని నెలకొల్పింది. బస్తీవాసులకు ఉచితంగా (అప్పటి నిబంధన ప్రకారం) 225 చదరపు అడుగుల ఇల్లు కట్టిస్తే అదనపు నిర్మాణాన్ని అమ్ముకునే హక్కు కల్పించే మహారాష్ట్ర పథకం కింద, ధారావిలోని రాజీవ్ ఇందిరా సహకార గృహ సంఘం ప్రాజెక్టులో సాధారణంగా ప్రైవేటు డెవలపర్ నిలిచే స్థానంలో ఈ కూటమి నిలిచింది. తర్వాత పుణె నగరంలోని యెరవాడలో, 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ మిషన్ కింద, పక్కా ఇళ్లను కదపకుండా కచ్చా ఇళ్ల స్థానంలో మాత్రమే దాదాపు 270 చదరపు అడుగుల ఇళ్లు నిర్మించే పనిలోనూ పాలుపంచుకుంది.

అసలు చిక్కు డబ్బు అందే వేళలో

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో భాగస్వామ్య గృహనిర్మాణం అనే అంశం ఉండేది. దీని ప్రకారం కనీసం 250 ఇళ్లున్న ప్రాజెక్టులో 35 శాతం ఇళ్లు ఆర్థికంగా బలహీన వర్గాలకు కేటాయిస్తే, ఆ వర్గపు ఇల్లు ఒక్కొక్కదానికి కేంద్రం లక్షన్నర రూపాయలు 40, 40, 20 శాతం చొప్పున మూడు విడతల్లో ఇచ్చేది. 250 ఇళ్లూ ఆ వర్గానివే అనుకుంటే మొత్తం సహాయం 3 కోట్ల 75 లక్షలు. అందులో చివరి 75 లక్షలు పని ముగింపుకు వచ్చాకే అందేవి. కాంట్రాక్టర్ మాత్రం కూలీలకు వారం వారం చెల్లించాలి, సిమెంటు, ఇనుము ముందుగానే కొనాలి. ఈ మధ్యకాలపు లోటును పూడ్చే అప్పును బ్రిడ్జి రుణం అంటారు. బస్తీవాసుల సంఘాలు చేపట్టే నిర్మాణాలకు ఇలాంటి పెట్టుబడి అందించాలనే ఉద్దేశంతోనే 2002లో క్లిఫ్ అనే అంతర్జాతీయ నిధి మొదలైంది. ఏ నెలలో ఎంత వస్తుంది, ఎంత పోతుంది అనే నగదు ప్రవాహ పట్టిక వేయలేని సంస్థ, ఎంత మంచి ఆశయంతో దిగినా, పునాదుల దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఉద్యోగాలు, చదువులు

ఈ రంగంలో ఉద్యోగాలు ప్రధానంగా నాలుగు రకాలు. మొదటిది ప్రాజెక్టు ఫైనాన్స్. బి.కాం., ఎం.బి.ఎ. చదివినవారు సబ్సిడీ విడతలు, బ్యాంకు రుణాలు, లబ్ధిదారుల వాటా కలిపి లెక్క కట్టగలగాలి. 2019 ఏప్రిల్ నుంచి నిర్మాణంలో ఉన్న అందుబాటు ధరల ఇళ్లపై జి.ఎస్.టి. 1 శాతంగా ఉండటం, కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలన్న 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) నియమం వంటివి తెలిసి ఉండాలి.

రెండోది నిర్మాణ పర్యవేక్షణ. ఎస్టిమేట్ తయారుచేయడం, జరిగిన పనిని కొలిచి కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాయడం, దాన్నిబట్టి కాంట్రాక్టర్ బిల్లును ఖరారు చేయడం సివిల్ డిప్లొమా, బి.టెక్. పూర్తిచేసినవారి పని. ఇల్లు అప్పగించాక ఐదేళ్ల వరకు నిర్మాణ లోపాలను సరిచేసే బాధ్యత డెవలపర్ స్థానంలో ఉన్న ప్రమోటర్‌దే అని రెరా చెబుతోంది కనుక, నాణ్యత చూసే ఇంజినీరు సంతకానికి బరువెక్కువ. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, నిక్మార్ సంస్థల కోర్సులు ఇందుకు తోడ్పడతాయి.

మూడోది రూపకల్పన, ప్రణాళిక. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బి.ఆర్క్., బి.ప్లాన్. ప్రవేశాలు జె.ఇ.ఇ. మెయిన్ రెండో పేపర్ ద్వారా జరుగుతాయి, హైదరాబాద్‌లోని జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు., అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం కూడా పరిశీలించదగినవి. ఖర్చు తగ్గించే పద్ధతులు తెలిసిన ఆర్కిటెక్టులకు ఇక్కడ ప్రత్యేక విలువ ఉంది. కేరళలో 1985లో లారీ బేకర్ తదితరులు స్థాపించిన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ విరివిగా వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్ అనే గోడకట్టు పద్ధతిలో ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదులుతారు. దానివల్ల ఇటుకల వాడకం దాదాపు పావువంతు తగ్గడంతో పాటు ఇంట్లోకి ఎండవేడి తక్కువగా దిగుతుంది.

నాలుగోది సముదాయ సమన్వయం. ఎం.ఎస్.డబ్ల్యు. చదివినవారు సర్వే చేయడం, అర్హుల జాబితా సిద్ధం చేయడం, కట్టేకాలంలో తాత్కాలిక వసతి చూపడం, నివాసుల సంఘాన్ని ఏర్పరచడం వంటి పనులు చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన సముదాయాల వంటి బహుళ అంతస్తుల నివాసాల్లో మోటార్లు, మెట్లదారులు, చెత్త సేకరణ ఎవరు చూడాలన్నది ఇళ్లు అప్పగించిన తర్వాతే ముందుకొస్తుంది కనుక, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా పొదుపు సంఘాలతో పనిచేసిన అనుభవం ఈ రంగంలో నేరుగా అక్కరకొస్తుంది.

మొదలుపెట్టే దారి

తెలుగు నేలపైనే ఈ కృషికి పునాదులున్నాయి. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ భారతదేశంలో తన పనిని 1983లో ఖమ్మంలోనే ఆరంభించగా, అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెల్లో పేదలకు పెద్ద సంఖ్యలో ఇళ్లు కట్టించింది. ఇలాంటి సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌తో పాటు మామూలు కాంట్రాక్టర్ దగ్గర కొన్నాళ్ల పని కూడా విద్యార్థికి అవసరం. సివిల్ విద్యార్థి బస్తీ సమావేశంలో కూర్చుని ఆడవాళ్లు వంటగది గురించి చెప్పేది శ్రద్ధగా విని రాసుకోవడం నేర్చుకోవాలి. సోషల్ వర్క్ విద్యార్థి ఎస్టిమేట్ చదివి, ఏ పద్దులో అంచనా పెరిగిందో అడగగలగాలి.

జీతాలు పెద్ద ప్రైవేటు బిల్డర్లు ఇచ్చేంతగా ఉండకపోవచ్చు, ఫైళ్లు నెమ్మదిగా కదలవచ్చు, నిధుల గడువుతో పాటు ఉద్యోగపు గడువూ ముగియవచ్చు. ఈ సంగతులు ముందే తెలుసుకుని అడుగుపెట్టడం మేలు. అయితే ఇక్కడ అబ్బే నైపుణ్యాలు గృహ రుణ సంస్థల్లో, పురపాలక శాఖల్లో, ప్రైవేటు నిర్మాణ సంస్థల్లో సైతం చెల్లుతాయి. కట్టేవారి కష్టనష్టాలను, కాపురముండేవారి అవసరాలను ఒకే పట్టికలో పెట్టి లెక్క సరిచూడగల యువతీయువకులు ఎంత ఎక్కువమంది తయారైతే, పేద కుటుంబాల గృహప్రవేశాలు అంత త్వరగా జరుగుతాయి.