కొలత పట్టుబడితే కొలువు!

సీఎన్‌జీ బంకులో గ్యాస్‌ను లీటర్లలో కాదు, కిలోల లెక్కన అమ్ముతారు. ఒత్తిడి, ఉష్ణోగ్రత మారితే గ్యాస్ ఘనపరిమాణం మారిపోతుంది, ద్రవ్యరాశి మారదు. గొట్టంలో పరుగెత్తే గ్యాస్‌ను అక్కడికక్కడే తూచేది కోరియాలిస్ ఫ్లో మీటరు. రిఫైనరీలు, రసాయన, ఫార్మా, ఆహార పరిశ్రమల్లోనూ దీని వాడకం ఎక్కువే. వీటిని బిగించి, సరిచూసి, బాగుచేసే పని ఇన్‌స్ట్రుమెంటేషన్ నిపుణులది.

ఎలా పనిచేస్తుంది?

చాలా మీటర్లలో రెండు సమాంతర గొట్టాలుంటాయి. ఒక కాయిల్ వాటిని ఆగకుండా కంపింపజేస్తుంది. ప్రవాహం లేనప్పుడు రెండు వైపులా ఉన్న సెన్సర్ల సంకేతాలు ఒకేసారి వస్తాయి. ప్రవాహం మొదలవగానే గొట్టాలు అతి స్వల్పంగా మెలిపడి, సంకేతాల మధ్య కాలభేదం ఏర్పడుతుంది. ఆ తేడా ఎంత పెరిగితే ద్రవ్యరాశి ప్రవాహం అంత ఎక్కువన్నమాట. కంపనాల ఫ్రీక్వెన్సీని బట్టి సాంద్రత కూడా తెలుస్తుంది. దీనికి ఆధారమైన బలాన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త కోరియాలిస్ 1835లోనే వివరించారు. 1977లో అమెరికాలో మొదలైన మైక్రో మోషన్ సంస్థ ఈ మీటర్లను పరిశ్రమలకు చేర్చింది.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్ లేదా పాలిసెట్‌తో ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేయొచ్చు. ఇంటర్ ఎంపీసీ వారికి బీటెక్ ఈఐఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్) ఉంది. గేట్‌లోనూ ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు ‘ఐఎన్’ పేరుతో ప్రత్యేక పేపరుంది.

ఎక్కడ రాణిస్తారు?

సూత్రం అందరూ చెబుతారు. తేడా మీటరులో ఉందా, ప్లాంటులో ఉందా అన్నది తేల్చగలిగినవారికే విలువ. ద్రవంలో గాలి బుడగలు చేరినా, గొట్టం లోపల పదార్థం పేరుకున్నా రీడింగు తప్పుతుంది. వాల్వు పూర్తిగా మూయకుండా జీరో సెట్ చేస్తే ఆ తప్పు ప్రతి కొలతనూ వెంటాడుతుంది. అడ్డంగా వెళ్లే పైపులో వంపు గొట్టాల మీటరును ద్రవానికైతే సాధారణంగా కిందికి, గ్యాస్‌కైతే పైకి ఉండేలా ఎందుకు బిగిస్తారో ఆలోచించండి: మొదటిదాంట్లో గాలి, రెండోదాంట్లో తేమ నిలిచిపోకూడదని. వీటితోపాటు రీడింగును విద్యుత్ సంకేతంగా పంపే 4-20 మిల్లీఆంపియర్ల లూపు, మీటరు సెట్టింగులు చూసే హార్ట్ కమ్యూనికేటర్, ప్లాంటును నియంత్రించే పీఎల్‌సీ, డీసీఎస్‌లపై పట్టు అవసరం.

అవకాశాలు

విశాఖలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, కృష్ణా-గోదావరి బేసిన్ చమురు, గ్యాస్ క్షేత్రాలు, పరవాడ, హైదరాబాద్ ఫార్మా పరిశ్రమలు, గల్ఫ్ చమురు ప్లాంట్లు ఈ నైపుణ్యాలు అవసరమయ్యే చోట్లు. కాలిబ్రేషన్‌పై ఆసక్తి ఉంటే కేరళ పాలక్కాడ్‌లోని ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శిక్షణలపై దృష్టి పెట్టండి.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ లెక్క చేసి చూడండి: గంటకు 0-100 కిలోల రేంజి ఉన్న మీటరు 12 మిల్లీఆంపియర్లు ఇస్తోంది. ప్రవాహమెంత? 4 అంటే సున్నా, 20 అంటే 100 కాబట్టి గంటకు 50 కిలోలు. పైపు మూసి ఉన్నా అదే 12 కనిపిస్తే మొదట ఏం పరీక్షిస్తారు? ఈ రెండో ప్రశ్నకు వరుసక్రమంలో జవాబు చెప్పడం సాధన చేయండి.