నూరు మైళ్లు మరచిన ముసలి జాలరి

పఠన భాగము: యోహాను 21:1–17



మన చెరువుగట్టున గాలము వేయువాడు వానపామును గ్రుచ్చి, బెండు ఎప్పుడు మునుగునా అని కనిపెట్టుకొని కూర్చుండుట మీరందరు చూచినదే. ఇంగ్లండు దేశమందు వేరొక విధమైన గాలము కలదు. చిన్న కొక్కెమునకు పక్షి ఈకలను, జంతువుల బొచ్చును సన్నని దారముతో చుట్టి, నీటిపై వ్రాలు ఈగవలె చేయుదురు. పొడవైన కర్రతో దానిని నీటిమీదికి విసరగా, ట్రౌట్ అను చేప అది నిజమైన ఈగ యనుకొని పైకి వచ్చి పట్టుకొనును. ఇది ఎక్కువగా కూటికొరకు కాదు, సంతోషము కొరకు చేయు పని. పనిలేనివారి పని యని మీరనవచ్చును. నేనును మొదట అట్లే తలంచితిని. అయితే ఈ ఈగ గాలమును గూర్చిన ఒక పాత పుస్తకములో ఇద్దరు స్నేహితుల సంగతి యున్నది. ఈ నెల పాఠము అదియే.

ఐజాక్ వాల్టన్ 1593లో పుట్టెను. లండను పట్టణములో దుకాణము పెట్టుకొని బ్రతికిన గృహస్థుడు. ఏడుగురు బిడ్డలను, వారి తల్లిని సమాధి చేసిన దుఃఖము ఎరిగినవాడు. 1653లో ఆయన ‘ది కంప్లీట్ ఆంగ్లర్’ అను పేరుతో గాలమును గూర్చి ఒక పుస్తకము అచ్చు వేయించెను. అప్పటికి ఆ దేశములో అంతర్యుద్ధము జరిగి, రాజు తల నరకబడి నాలుగేండ్లే యైనది. పొరుగువాడు పొరుగువానిని నమ్మని కాలమది. అట్టి దినములలో ఆయన తన పుస్తకపు ముఖపత్రముమీద యోహాను సువార్త 21వ అధ్యాయము 3వ వచనమును వేయించెను. పేతురు చేపలు పట్టబోవుచున్నానని చెప్పగా, తక్కినవారు తామును వెంట వత్తుమని చెప్పిన సంగతి యది. వాల్టన్‌కు గాలమనగా ముందు తోడు, ఆ తరువాతనే చేప.

ఆయన స్నేహితుడు చార్లెస్ కాటన్ 1630లో పుట్టినవాడు, అనగా 37 ఏండ్లు చిన్నవాడు. డవ్ అను నది యొడ్డున అతనికి ఇల్లును భూములును ఉండెను. అప్పులును అంతకు తక్కువగా లేవు. వాల్టన్ దైవసేవకుల జీవితచరిత్రలు వ్రాసిన భక్తుడు. కాటన్ వ్రాసిన పద్యములలో కొన్ని మన సంఘములో చదువదగినవి కావు. ఈ ఇద్దరికి పొత్తు ఎట్లు కుదిరెనని అడుగుదురేమో. నది కుదిర్చెను. కాటన్ ఆయనను తండ్రీ యని పిలిచెను. ఆయన ఇతనిని కుమారునిగా ఎంచెను.

1674లో కాటన్ ఆ నది యొడ్డున గాలము వేయువారి కొరకు ఒక చిన్న రాతి ఇల్లు కట్టించి, వాకిటిపైని రాతిమీద తమ ఇద్దరి పేళ్ల మొదటి అక్షరములను ఒకదానిలో ఒకటి అల్లి చెక్కించెను.

వానపాము ఎరలో వాల్టన్ నేర్పరి. ఈగ గాలములో మాత్రము చిన్నవాడైన కాటన్ తనకంటె మిన్న యని ఆయన ఎరుగును. కనుక తన పుస్తకమునకు ఆ భాగము వ్రాసి యిమ్మని అతనినే అడిగెను. 1676 మార్చిలో కాటన్ దానిని కొద్ది దినములలోనే వ్రాసి పంపెను. గుర్రపు వెంట్రుకలు రెండే పేనిన సన్నని దారముతో 20 అంగుళముల చేపను ఒడ్డునకు తేవచ్చునని అతడు అందులో బోధించెను. గుంజిన తెగును, వదలిన చేప పోవును. స్నేహమును నడుపుకొను విధమును దీనినుండి నేర్చుకొనవచ్చునని నాకు తోచినది.

ఈగలను, దారములను గూర్చిన ఆ మాటల నడుమ కాటన్ తన మనోవేదనను కూడ వ్రాసెను. వాకిటి రాతిని నిలబెట్టక మునుపు వాల్టన్ దానిని చూచెనట. ఆయన కడపట వచ్చినప్పుడు గోడలు ద్వారబంధము ఎత్తుకైనను లేవలేదట. ఇల్లు పూర్తియైనది కాని ఆయన ఇంకను చూడలేదు. ఈ వేసవికి రాగలనో లేనో యని ఆయన ఉత్తరము వ్రాసెననియు, అంతకంటె చెడు వార్త ఆయన తనకు పంపజాలడనియు కాటన్ వ్రాసెను. చేపలను గూర్చిన పుస్తకములో ఈ మాట ఎందుకు? ముసలివాడు చదువవలెనని.

ఆయన చదివెను. 1676 ఏప్రిల్ 29న లండనునుండి జవాబు వ్రాసెను. తాను నూరు మైళ్లకు పైగా దూరమున నున్నాననియు, తనకు 83వ యేడు నడుచుచున్నదనియు, అయినను ఆ రెంటిని మరచి వచ్చు నెలలో యాత్రికునివలె బయలుదేరి క్షమాపణ వేడుకొన వత్తుననియు దాని సారాంశము. ఆ ఉత్తరము పుస్తకము చివరనే అచ్చుపడినది.

క్షమాపణ దేనికి? కాటన్ తనకు వ్రాసి పంపిన పద్యమును తన పుస్తకములో వేసినందుకట! అంత చిన్న సంగతికి నూరు మైళ్లు నడిపించు పశ్చాత్తాపము అక్కరలేదు. స్నేహితుని యింటికి పోవుటకు ఆయనకు ఒక నెపము కావలసియుండెను, అంతే. మనకును నెపములు దొరకును, కాని పోకుండుటకు. వయస్సులో పెద్దవాడను, నేను ముందు పోవలెనా? గట్టు తగవులో తప్పు వానిది కాదా? కాళ్ల నొప్పులు, కోతల దినములు, బస్సు లేదు. వాల్టన్ ప్రయాణము గుర్రముమీదనో బండిలోనో చేయవలసిన దినములవి. నేడు ఫోను చేతిలోనే యున్నను, ఒకే పల్లెలో, ఒకే ప్రార్థన మందిరములో ఎదురెదురు వరుసలలో కూర్చుండి పదేండ్లు పలుకరించుకొనని అన్నదమ్ములను నేనెరుగుదును.

ఇప్పుడు వాల్టన్ ముఖపత్రముమీది అధ్యాయమును తెరచి 17వ వచనమువరకు చదువుడి. అక్కడ గాలము లేదు, వల యున్నది. రాత్రియంతయు ప్రయాసపడినను ఏమియు దొరకలేదు. తెల్లవారునప్పటికి ప్రభువు దరిని నిలిచియున్నాడు. పేతురు మూడు మారులు ఎరుగనని బొంకినది బొగ్గుల మంటయొద్దనే (యోహాను 18:18). దరిమీదను మరల బొగ్గుల నిప్పులే (21:9). ఎందుకు బొంకితివని ప్రభువు అడుగలేదు. మొదట భోజనము, తరువాతనే ప్రశ్న. ఆ ప్రశ్నయు ప్రేమను గూర్చినదే. తప్పు చేసినవాడు పేతురు. నిప్పు రాజబెట్టినవాడు ప్రభువు. ఎవరు ముందు పోవలెనను మన తగవునకు ఈ అధ్యాయము పక్కన కూర్చుండి జవాబు చెప్పుకొనుడి.

వాల్టన్ 1683 డిసెంబరులో, 90 ఏండ్లు నిండినవాడై, వించెస్టర్ పట్టణములో కన్నుమూసెను. కాటన్ 1687లో పోయెను. అతని భవనము ఏనాడో కూలిపోయినది. నది యొడ్డునున్న ఆ ఒంటి గది రాతి ఇల్లు మాత్రము, వాకిటిపైన అల్లుకొన్న ఆ అక్షరములతో, నేటికిని నిలిచియున్నది.