పాట చేసే పని, కాగితం చేసే పని



సాయంత్రం మెస్ గంట కొట్టేలోపు స్టీలు ప్లేటు మీద దరువు వేసి మాటలు కట్టని బ్యాచ్ మన హాస్టల్లో లేదు. ర్యాప్ అంటే కూడా అంతే. ఒక దరువు, దాని మీద ప్రాస కుదిరిన మాట. 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ అనే పేదల పేటలో నల్లజాతి యువకులు దీన్ని పెంచారు. మనకు బుర్రకథ, ఒగ్గుకథ ఉన్నాయి. గద్దర్ పాట క్యాసెట్లలో ఊరూరా తిరిగింది. ఇప్పుడు క్యాసెట్ పోయి ఫోన్ వచ్చింది. అలా ఫోన్లలో ప్రపంచమంతా తిరిగిన ఒక ర్యాప్ పాట ఏం సాధించింది, ఏం సాధించలేదు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. అది ఒక ఫ్యాక్టరీ గురించిన పాట కనుక జీడిమెట్లలో చదువుకునే మనకు దగ్గరి విషయమే.

ఫ్యాక్టరీ కథ

తమిళనాడులోని కొడైకెనాల్ కొండ మీద 1980లలో ఒక థర్మామీటర్ల ఫ్యాక్టరీ పెట్టారు. అమెరికాలో మూతపడిన ఫ్యాక్టరీ యంత్రాలను ఇక్కడికి తెచ్చారు. తర్వాత అది హిందుస్థాన్ లీవర్ చేతికి వచ్చింది. 2001 మార్చిలో, పాదరసం అంటిన పగిలిన గాజు టన్నుల కొద్దీ ఊళ్లోని పాత సామాన్ల దుకాణంలో బయటపడింది. ఊరివాళ్లు, పర్యావరణ కార్యకర్తలు ఆందోళన చేశారు. ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో సుమారు 290 టన్నుల పాదరసపు వ్యర్థాలను ఓడలో అమెరికా పంపించారు. తమ ఆరోగ్యం చెడిందని మాజీ కార్మికులు 2006లో మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. పని వల్ల ఎవరి ఆరోగ్యానికీ హాని జరగలేదన్నది కంపెనీ వాదన.

పాదరసం ఏం చేస్తుంది?

పాదరసం ద్రవరూపంలో ఉండే లోహం. మామూలు గది వేడికే ఆవిరవుతుంది. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో లోపలికి పోయి నరాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నీళ్లలో చేరితే సూక్ష్మజీవుల వల్ల మిథైల్ మెర్క్యురీగా మారి చేపల్లో పేరుకుంటుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన జబ్బుకు కారణం ఇదే. కంటికి కనిపించని ప్రమాదాన్ని పదిమందికీ నమ్మించడం చాలా కష్టం. పాట అవసరమైంది అక్కడే.

పాట ఎందుకు పాకింది?

2015 జూలై 30న చెన్నై అమ్మాయి సోఫియా అష్రఫ్ పాడిన 'కొడైకెనాల్ వోంట్' వీడియోను ఝట్కా అనే సంస్థ యూట్యూబ్‌లో పెట్టింది. కొద్దిరోజుల్లోనే పది లక్షల మందికి పైగా చూశారు. దానికి కారణాలు ఇవి అని నా అభిప్రాయం:

1. అమెరికా ర్యాపర్ నిక్కీ మినాజ్ 2014లో పాడిన 'అనకొండ' బాణీలో కట్టారు. బాణీ అప్పటికే జనం నోట్లో ఉంది. మినాజ్ కూడా ఆ వీడియోను ట్విట్టర్లో పంచుకుంది.
2. పాట మూడు నిమిషాలు. కోరిక సూటిగా ఉంది. ఎవరిని అడుగుతున్నారో పేరు పెట్టి అడిగారు.
3. విన్నవాళ్లకు ఒక పని అప్పజెప్పారు. వినతిపత్రం మీద సంతకం చేయమన్నారు. జాలిపడి ఊరుకోనివ్వలేదు.

చివరికి యూనిలీవర్ ప్రపంచ అధిపతి స్వయంగా ట్విట్టర్లో జవాబు చెప్పవలసి వచ్చింది.

పాట ఒక్కటే గెలిపించిందా?

2016 మార్చిలో 591 మంది మాజీ కార్మికులతో, వారి కుటుంబాలతో కంపెనీ ఒప్పందం చేసుకుంది. పాట వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు కూడా కాలేదు. అందుకే చాలామంది పాటే గెలిపించిందంటారు. కానీ ఆ కార్మికులు అప్పటికి పదిహేనేళ్లుగా పోరాడుతున్నారు. కోర్టులో కేసు పదేళ్లుగా నడుస్తోంది. 591 అనే అంకె పాటలోంచి రాలేదు. ఎవరెవరు అక్కడ పనిచేశారో పేరు పేరునా తేలితేనే అలాంటి లెక్క వస్తుంది. ఆ కాగితం లేకుండా పాట మాత్రమే ఉంటే జనం నాలుగు రోజులు విని ఇంకో పాటకు పోయేవారు. పాట లేకపోతే కేసు ఇంకా ఎన్నేళ్లు నడిచేదో చెప్పలేం.

పాట చేయలేనిది కూడా ఉంది. ఫ్యాక్టరీ స్థలంలోని మట్టిని ఎంతవరకు శుభ్రం చేయాలన్న వివాదం ఒప్పందంతో తీరలేదు. కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల పాదరసం ఉండవచ్చన్న ప్రమాణం చాలదని కార్యకర్తలు వాదించారు. 2018లో సోఫియా, కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణతో కలిసి మళ్లీ పాడవలసి వచ్చింది.

మనం నేర్చుకోవలసింది

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. మా నాన్న జీడిమెట్లలో ఒక కంపెనీలో హెల్పర్. ఇంటికి వచ్చే ప్రతి కాగితం చదివి చెప్పేది నేనే. షాపూర్‌నగర్, సుభాష్‌నగర్, చింతల్ నుంచి వచ్చిన మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇదే పరిస్థితి అని నాకు తెలుసు. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, తాను ముట్టుకునే రసాయనం ఎంత ప్రమాదకరమో తెలుసుకునే హక్కు కార్మికుడికి ఇచ్చారు. ఆ హక్కు ఉందని మా నాన్నకు ఎవరూ చెప్పలేదు. ఎమ్మెస్సీలో చేరాక నేను చెప్పాను.

కనుక తమ్ముళ్లారా, మీరు బాగా పాడండి. ప్లేటు దరువు మానకండి. దానితోపాటు ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. అమ్మానాన్నల పే స్లిప్పులు, ఈఎస్ఐ కార్డు, వైద్య పరీక్షల రిపోర్టులు ఒక ఫైలులో పెట్టండి. వాళ్లు పనిచేసే డ్రమ్ముల మీద ఏ పేరు, ఏ గుర్తు ఉందో అడిగి రాసుకోండి. ఆ రసాయనం గురించి మీ కెమిస్ట్రీ సారును అడగండి. రేపు మీలో ఒకడు పాట కట్టవలసి వస్తే అందులో పెట్టడానికి నిజం మీ దగ్గర ఉండాలి.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (రసాయన శాస్త్రం)