లాంచీ మీద చరిత్ర చెప్పబోయేవారికి

వారసత్వ యాత్రకు వెళ్లే లాంచీలో ప్రసంగించమని పిలుపు వచ్చిందా? ఒప్పుకునే ముందు ఒక మాట అడగండి: ప్రయాణికులు ఏ రేవులో, ఎన్ని గంటలకు దిగుతారు, మీ ప్రసంగం దానికి ముందా తర్వాతా అని. నిర్వాహకులకు ఇది చిన్న విషయంగా కనబడవచ్చు, మీకు మాత్రం పనంతా దీనిమీదే ఉంది. సభలో మాట్లాడినట్టు లాంచీలో మాట్లాడితే కుదరదు. కాసేపట్లో ఎదురుకాబోయే రాయి ముందు వాళ్లు ఆగి నిలబడేలా చేయడమే ఇక్కడ మీ ఉద్యోగం.

నాగార్జునకొండనే తీసుకోండి. నాగార్జునసాగర్ రేవు నుంచి ఆ ద్వీపానికి సుమారు గంట ప్రయాణం. ఇక్ష్వాకు రాజుల పేర్లు, వరస, బిరుదులతో మొదలుపెడితే కొండ రాకముందే సగంమంది లేచి రెయిలింగు దగ్గరికి వెళ్లిపోతారు. దానికి బదులు కింద నీళ్లు చూపించండి. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ల అడుగున ఉంది. సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబర్ 10న. లోయ మునగబోతోందని 1954లోనే ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా సాగించింది. ముఖ్యమైన కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికీ, కొన్నిటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి తిరిగి కట్టారు. ఇది తెలియకుండా దిగినవాళ్లు ఇటుకల వరసలు చూసి ముందుకెళ్లిపోతారు. తెలిసి దిగినవాళ్లు, దీని అసలు చోటు ఎక్కడా అని నీళ్లవైపు తిరిగి చూస్తారు. అక్కడి బౌద్ధ స్తూపం మహాచైత్యాన్ని నిలబెట్టినది ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి అనీ, అక్కడి శాసనాల్లో దానాలు చేసిన రాచకుటుంబపు స్త్రీల పేర్లు మరెన్నో ఉన్నాయనీ చెప్పండి. వెళ్లేటప్పుడు ఇంతకు మించి వద్దు. వంశక్రమం, లిపి, పండితుల వాదాలు తిరుగు ప్రయాణంలో, అడిగినవాళ్లకు చెప్పవచ్చు.

బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడా అని తప్పకుండా అడుగుతారు. సంప్రదాయం అలా చెబుతుందనండి, శాసనం చెప్పిందని మాత్రం అనకండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెప్పాలి. లాంచీలో మీరు ఎక్కడికీ వెళ్లిపోలేరు, తప్పు చెబితే సాయంత్రం దాకా ఆ మనిషి ఎదురుగానే కూర్చుంటాడు. ఇలాంటి యాత్రల్లో వక్త పని మైకు ఆపగానే అయిపోదు, భోజనాల దగ్గర, డెక్ మీద కూడా సాగుతుంది. మన పురావస్తు శాఖకు 1944 నుంచి 1948 దాకా డైరెక్టర్ జనరల్‌గా ఉన్న మార్టిమర్ వీలర్, తర్వాతి కాలంలో స్వాన్ హెలెనిక్ ఓడల మీద అతిథి వక్తగా వెళ్లాడు. అంతటి పండితుడు చేసిన పనిని కాలక్షేపం కింద తీసేయకండి.

ఇక కళాకారులకు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడటం అందరూ చూడాలని అడిగే అంశం. కదులుతున్న లాంచీలో దానికి ఒప్పుకోకండి, ఎంత అనుభవం ఉన్నా సరే. రేవులో కట్టేశాక ఆడతానని ముందే చెప్పండి. తోలుబొమ్మలాటకు నూనె దీపం పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. విద్యుద్దీపంతోనే సాధన చేసి వెళ్లండి. మనిషంత ఎత్తు బొమ్మలకు లాంచీ కప్పు చాలదు కాబట్టి చిన్న బొమ్మలతో ఒక్క ఘట్టం చాలు. నా దృష్టిలో లాంచీకి బాగా అమరేది బుర్రకథ. ముగ్గురే మనుషులు, తంబుర, డక్కీలు. వంత అడిగే ప్రశ్నల్లోనే ఆ ఊరి చరిత్ర చెప్పించవచ్చు. ఇంజిను చప్పుడు మీద గొంతు పెంచి పాడితే రెండో రోజుకే బొంగురుపోతుంది, మైకు సంగతి ముందే తేల్చుకోండి.

వక్త, కళాకారుడు వేరు వేరుగా వచ్చి వేరు వేరుగా పోతే రెండు పనులూ పల్చబడతాయి. ఒక పూట కలిసి కూర్చోండి. చుట్టూ మెట్ల వరసలతో కట్టిన అనుపు రంగస్థలం గురించి వక్త రెండు నిమిషాలు చెప్పి, పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ లోయలో జనం వినోదానికి ఇలా కూర్చునేవారని ముగించాలి. వెంటనే నాట్యం మొదలుకావాలి. తెలుగు రాని ప్రేక్షకుడికి కూడా అది అందుతుంది.

ఒప్పందం కాగితం మీద ఉండాలి: పారితోషికం, రాకపోకల ఖర్చు, బస, రికార్డింగు హక్కులు. సాగర్ నుంచి శ్రీశైలం లాంచీ జలాశయంలో నీటిమట్టాన్ని బట్టి నడుస్తుంది, గోదావరికి వరద వస్తే పాపికొండల బోట్లు ఆగిపోతాయి. అందుకే యాత్ర రద్దయితే మీకు ఎంత ఇస్తారో అందులో రాయించండి. విదేశీ ఓడల్లో చాలాచోట్ల అతిథి వక్తకు గది, భోజనమే ప్రతిఫలం. పెన్షన్ వచ్చే అధ్యాపకుడికి అది చాలవచ్చు. ఆటే బతుకుతెరువైన కళాకారుడు దానికి ఒప్పుకోకూడదు. 2023 జనవరి 13న వారణాసి నుంచి బయలుదేరిన గంగా విలాస్ అనే ఓడది డిబ్రూగఢ్ దాకా 3,200 కిలోమీటర్లు, 51 రోజుల యాత్ర. అంత దూరం వెళ్లేవాళ్లు తమ మిగతా ఆదాయం ఎన్ని రోజులు ఆగిపోతుందో లెక్క వేసుకోవాలి.

చివరగా నిర్వాహకులకూ, వారితో పనిచేసే మీకూ ఒక విన్నపం. గోదావరి ఒడ్డున కొమ్ము నృత్యం చేసే కోయ బృందాన్ని పిలిస్తే, వాళ్లతో నేరుగా మాట్లాడండి, పారితోషికం వాళ్ల చేతికే ఇవ్వండి, ఆ నృత్యం ఏ సందర్భంలో చేస్తారో వాళ్ల నోటితోనే ప్రయాణికులకు చెప్పించండి. శ్రీశైలం దారిలో నల్లమల చెంచుల ఇళ్లను చూడదగ్గ వింతల్లో చేర్చమంటే, ఆ అంశాన్ని మీ కార్యక్రమం నుంచి తీసేయించండి.