సాఫ్ట్‌వేర్ లైసెన్సులకూ ఒక స్టాక్ రిజిస్టరు

హాస్టల్లో ట్రంకు పెట్టె, దుప్పటి, పళ్ళెం ఇచ్చేటప్పుడు వార్డెన్ గారు రిజిస్టరులో మన చేత సంతకం పెట్టిస్తారు. ఎవరి దగ్గర ఏముందో ఆ పేజీ చూస్తే తెలిసిపోతుంది. ఆఫీసుల్లో కంప్యూటర్లకు కూడా ఇలాంటి రిజిస్టరే ఉంటుంది. దానిని అసెట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. స్నైప్-ఐటీ వంటివి ఉచితంగానే దొరుకుతాయి.

కంప్యూటరు కంటికి కనిపిస్తుంది, లైసెన్సు కనిపించదు. చిక్కంతా అక్కడే ఉంది. లైసెన్సు అనగా ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇన్ని కంప్యూటర్లలో వాడుకోవచ్చుననే అనుమతి. ఆ సంఖ్యను సీట్లు అంటారు. మన హాస్టల్ సీట్ల లెక్క లాంటిదే! 20 సీట్లు కొని 25 కంప్యూటర్లలో వేస్తే ఆ అయిదూ దొంగ కాపీలే. తెలిసి వాడితే 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్‌లో 7 రోజుల నుండి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మూలన పడేసిన కంప్యూటరు పేరున సీటు ఉండిపోతే అదీ డబ్బు దండగే. కంప్యూటరుతో పాటు వచ్చే విండోస్ ఓ.ఇ.ఎం. లైసెన్సునైతే సాధారణంగా మరోదానికి మార్చలేము.

వందల వివరాలను ఒక్కొక్కటిగా టైపు చేయనక్కరలేదు. ఎక్సెల్‌లో పట్టిక వేసి, సి.ఎస్.వి. ఫైలుగా సేవ్ చేసి ఒకేసారి ఎక్కించవచ్చు. ఇదే ఇంపోర్ట్. ఒక్కో వరుసలో సాఫ్ట్‌వేర్ పేరు, లైసెన్సు కీ, సీట్ల సంఖ్య, ఏ కంప్యూటరుకు ఇచ్చారో దాని నంబరు ఉండాలి. ముందు కంప్యూటర్ల జాబితా, తరువాతే లైసెన్సులు. అడ్మిషన్ కాని విద్యార్థి పేరున దుప్పటి రాయలేం కదా!

అసలు తిప్పలు నంబర్లతో, పేర్లతో వస్తాయి. కంప్యూటరు స్టిక్కరు మీద 007 ఉంటే ఎక్సెల్ దానిని 7 చేసేస్తుంది. సిస్టమ్‌కు ఆ రెండూ వేరు వేరు. కనుక ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. సేవ్ చేసిన సి.ఎస్.వి.ని తిరిగి ఎక్సెల్‌లో తెరిచినా సున్నాలు ఎగిరిపోతాయి, జాగ్రత్త. ఇక ఊరి పేర్లు. మన పలకల ఊరిని మనం మార్కాపురం అంటాం, రైల్వే వారు మార్కాపూర్ రోడ్ అంటారు. మనకు ఒకటే ఊరు, కంప్యూటరుకు రెండు. గిద్దలూరును ఇంగ్లీషులో ఒకరు చివర యు పెట్టి, మరొకరు పెట్టకుండా రాసినా అంతే. తెలుగులో రాస్తే ఫైలును యు.టి.ఎఫ్-8గా సేవ్ చేయాలి, లేకుంటే అక్షరాల స్థానంలో ప్రశ్న గుర్తులు వస్తాయి.

మొదట అయిదారు వరుసలతో ప్రయత్నించి, తరువాత మొత్తం ఎక్కించాలి. ఎక్కించాక మిగిలిన సీట్లు సరిచూడాలి. 20లో 18 ఇచ్చామంటే 2 మిగలాలి. 3 చూపిస్తే ఒక వరుస ఎక్కలేదన్న మాట. అప్పుడు ఆ కంప్యూటరు దగ్గరకే వెళ్ళి స్టిక్కరు చూసి రావాలి.