ఆ సెప్టెంబరు ఆగి ఉంటే

పత్తి ఏరేవాళ్లు చేలల్లో, పత్తి లారీలు ఆదోని యార్డు దారిలో, మనమేమో రెండింటి మధ్యా పరుగుల్లో. అయినా చలికాలం కదా, సాయంత్రాలు కాస్త చేతికి చిక్కుతాయి. నాకైతే ఏడాది మొత్తంలో రంగులేసుకోవడానికి ఇంతకన్నా మంచి రోజులు లేవు. అందుకే ఈసారి ముచ్చట నా విమానాల గురించి.

మా చిన్నమ్మ కూతురు మొన్న ఇంటికొచ్చి, అరలో ఉన్నవాటిని ఒక్కొక్కటే తీసి చూసి, "అక్కా, ఈ పసుపు గుండ్రం గుర్తున్న బాంబర్ ఏ దేశానిది? నేనెక్కడా చూళ్లేదే" అంది. ఎక్కడా చూసి ఉండదు. అలాంటి విమానం లోకంలో ఎప్పుడూ ఎగరలేదు. కానీ ఎగిరే అవకాశం మాత్రం ఉండింది. ఆ అవకాశాన్ని పట్టుకుని, చరిత్ర ఒక్కచోట వేరే మలుపు తిరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించి, ఆ ఊహకు తగిన విమానాలను ప్లాస్టిక్ కిట్లతో తయారుచేసి, మ్యాపు పరిచి, పాచికలేసి ఆడే ఆట ఇది. బయటి దేశాల్లో దీనికి పెద్ద లోకమే ఉంది. 1998లో వచ్చిన 'క్రిమ్సన్ స్కైస్' అనే బోర్డు ఆటలో అమెరికా ముక్కలైపోయి, ఆ ముక్కలన్నీ గాల్లో కొట్టుకుంటుంటాయి. 1946లోకి కూడా యుద్ధం సాగితే జర్మనీ ఏ విమానాలు ఎగరేసేదో ఊహించి రంగులేసేవాళ్లయితే లెక్కలేనంత మంది.

నాకు ఆ జర్మనీ మీద మనసు పోలేదు. మన తుంగభద్ర ఒడ్డునే ఇంత కథ ఉండగా అంత దూరం ఎందుకు?

1948 గుర్తుచేసుకోండి. అప్పటికి మన ఆదోని మద్రాసు రాష్ట్రంలో, బళ్లారి జిల్లాలో ఉంది. కర్నూలు జిల్లాలోకి వచ్చింది 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే. ఇవాళ మనం రాయచూరు రైలెక్కి తుంగభద్ర దాటితే కర్ణాటక. ఆనాడు దాటితే నిజాం రాజ్యం. 1947 నవంబరు 29న ఢిల్లీకీ నిజాముకూ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. దాని గడువు ఒక ఏడాది. ఆ గడువు తీరకముందే 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నలుదిక్కుల నుంచీ కదిలింది. 17కల్లా నిజాం లొంగిపోయాడు. మన వైపు తుంగభద్ర మీద ఒక కీలకమైన వంతెనను గూర్ఖా దళం పట్టుకుంది. ఐదు రోజుల్లో అంతా ముగిసింది.

నేను మార్చేది ఒక్కటే: సైన్యం సెప్టెంబరులో కదలలేదు, ఢిల్లీ, నిజాం ఇద్దరూ నవంబరు 29 దాకా ఆగారు. ఇంకేదీ మార్చను. ఈ ఆటలో నేను గట్టిగా పట్టుకున్న నియమం అదే. రెండు మార్చినవాళ్లు మూడూ మారుస్తారు, చివరికి అది చరిత్ర కాకుండా పోతుంది. ఒక్కటే మార్చి, దాని వెనక నిజంగా ఏమేం వరసలో ఉన్నాయో తవ్వి తీస్తుంటే వచ్చే ఆనందం ఇంకెందులోనూ లేదమ్మా. ఎన్ని పుస్తకాలు తిరగేయిస్తుందో!

తవ్వితే ఏం దొరికిందో చెప్తాను వినండి. సిడ్నీ కాటన్ అని ఒక ఆస్ట్రేలియా పైలట్. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్లకు చలి తగలకుండా 'సిడ్‌కాట్' సూటు కనిపెట్టినవాడు, రెండో యుద్ధం మొదట్లో స్పిట్‌ఫైర్ నుంచి ఫొటోలు తీసే పద్ధతి నేర్పినవాడు. 1948లో ఇతను కరాచీ నుంచి నిజాం రాజ్యానికి రాత్రిళ్లు దొంగతనంగా ఆయుధాలు మోశాడు. బీదర్, వరంగల్ మైదానాల్లో దిగేవాడు. తర్వాత ఇంగ్లండు కోర్టులో జరిమానా కూడా కట్టాడు. అతను వాడిన విమానం పేరు లాంకాస్ట్రియన్. ఇక్కడే నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే లాంకాస్ట్రియన్ అంటే వేరే కొత్త విమానం కాదు. లాంకాస్టర్ బాంబర్‌కే తుపాకీ గూళ్లు పీకేసి, ముక్కూ తోకా నున్నగా మూసి, సామాను మోసేలా మార్చింది. నాలుగు మెర్లిన్ ఇంజన్లు, 31 మీటర్ల రెక్కలు, అన్నీ అవే. అసలు విమానమే ఒక మార్పిడి! బాంబర్ నుంచి సరుకు విమానం చేయగలిగినవాళ్లు, పరిస్థితి ముదిరితే సరుకు విమానాన్ని మళ్లీ బాంబర్ చేయలేరా? బీదర్ నుంచి ఆదోనికి గాల్లో సుమారు 250 కిలోమీటర్లు. దానికి ముప్పావు గంట చాలు.

అవతలి వైపు మన వాయుసేన సంగతి ఇంకా బాగుంటుంది. యుద్ధం అయ్యాక అమెరికా లిబరేటర్ బాంబర్లను కాన్పూరులో వదిలేసి పోయారు. మళ్లీ ఎవరూ ఎగరేయకుండా కావాలనే పాడుచేసి మరీ పోయారు. మన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ శిథిలాలను గాల్లోకి లేచేంతవరకు కూడగట్టి, బెంగళూరు దాకా ఎగరేసుకొచ్చి, అక్కడ పూర్తిగా బాగుచేశారు. కాన్పూరు నుంచి వాటిని నడిపి తెచ్చిన పైలట్ జంషెడ్ మున్షీ. అట్లా నలభై దాకా విమానాలు బతికాయి, 1968 వరకూ పనిచేశాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ లండన్‌లోని ఒక మ్యూజియంలో నిలబడి ఉంది. ఆ లిబరేటర్లతో మన 5వ స్క్వాడ్రన్ పుట్టింది ఎప్పుడో తెలుసా? 1948 నవంబరు 2న. అంటే ఒప్పందం గడువుకు సరిగ్గా 27 రోజుల ముందు. సెప్టెంబరులో మనకు పెద్ద బాంబర్ లేదు, టెంపెస్ట్ ఫైటర్లతోనే పని కానిచ్చారు. నవంబరులో ఉంది. తేదీలు రెండూ పక్కపక్కన రాసుకున్నప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇక చేతిపని. నేను 1/144 కిట్లు వాడతాను. లాంకాస్టర్ రెక్కలు ఆ కొలతలో ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లు వస్తాయి, మన వంటింటి టేబుల్ మీద రెండు పక్షాలకూ చోటుంటుంది. లాంకాస్ట్రియన్ కావాలంటే ముందున్న గాజు గూడును సన్నటి రంపంతో కోసేయాలి. అక్కడ కోసుగా, కాస్త పొడుగ్గా ముక్కు రావాలి. విదేశీ పుట్టీలు ఖరీదు, తెప్పించుకుంటే ఎప్పుడొస్తాయో. హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఎం-సీల్ చాలు. రెండు ముద్దలూ రంగు ఒకటయ్యేదాకా కలిపి, తడివేలితో నొక్కుతూ ముక్కు ఆకారం తెచ్చి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో ముందు 400, తర్వాత 600, చివర 1000. కన్ను మూసుకుని గోరుతో అతుకు మీద రాయండి. గోరు ఆగిందా, ఇంకా రుద్దాలి. కంటికి కనపడనిది గోటికి తెలుస్తుంది. వీపు మీది గూడు రంధ్రాన్ని ప్లాస్టిక్ ముక్కతో మూసి, చిన్న సందుల్లో ఫెవిక్విక్ వేసి పైన టాల్కం పౌడరు చల్లితే రాయిలా గట్టిపడుతుంది. ఒక్క మాట: గోళ్లరంగు తుడిచే ద్రావకాన్ని దగ్గరికి రానీయకండి. అది ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది.

నా నిజాం లాంకాస్ట్రియన్‌కు ముందు గూడు మూసే ఉంచాను, తోకలో మాత్రం తుపాకీ గూడు తిరిగి పెట్టాను. తొందరలో మార్చినవాళ్లు మొదట వెనకవైపే కాచుకుంటారు కదా. ఎవరూ అడగరు, కానీ ఆలోచించి చేసిన బొమ్మకూ ఊరికే అతికించినదానికీ తేడా చూసిన క్షణంలోనే తెలిసిపోతుంది.

రంగుల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఎండాకాలంలో మన వైపు ఎయిర్‌బ్రష్ జోలికి పోవద్దు. గొట్టంలోంచి వచ్చిన రంగు బొమ్మను చేరకముందే గాల్లో ఆరిపోయి పొడిలా అంటుకుంటుంది. ఇప్పుడైతే తెల్లవారుజామున కూర్చోండి, దుమ్ము కూడా లేచి ఉండదు. రంగు పాలంత పలచన ఉండాలి. ఒక్కసారే మందంగా వేసేకన్నా మూడు పలచటి పూతలు వేస్తే మెరుపు వస్తుంది. ఒంటికంతా అల్యూమినియం వెండి రంగు వేశాను.

రెక్కల మీద గుర్తు ఏమిటనేది పెద్ద ప్రశ్న. లేని వాయుసేనకు గుర్తు ఎక్కడ తెచ్చేది? ఆసఫ్‌జాహీ జెండా పసుపు, నడుమ తెల్లటి గుండ్రం. రెక్కల మీద అది. తోక మీదికి ఇంకా మంచిది దొరికింది. 1918లో నిజాం బ్రిటిష్ వాయుసేనకు ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా డీహెచ్-9ఏ విమానాలు కొనిచ్చాడు. అందుకే 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు వచ్చింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది ఏమిటో తెలుసా? నిజాం తలపాగా! నిజంగా హైదరాబాదుకు సొంత బాంబర్లు ఉంటే తోక మీద ఆ తలపాగా పెట్టుకోకుండా ఉంటుందా? సన్నటి కుంచెతో అదే వేశాను. పసుపు వేసేవాళ్లకు చిన్న కిటుకు. పసుపు దేన్నీ కప్పదు, కింద రంగు కనపడుతూనే ఉంటుంది. ముందు తెలుపు వేసి, బాగా ఆరాక పసుపు వేయండి. లిబరేటర్లకు ఇంత తంటా లేదు. 1950 జనవరికి ముందు మన వాయుసేన గుర్తు అశోక చక్రం కాబట్టి, మూడు రంగుల గుండ్రం వేస్తే తప్పవుతుంది. ఇది చాలామంది చూడరు.

చివర చక్రాలకు దుమ్ము. బీదర్‌ది ఎర్రరాతి నేల, కాబట్టి నిజాం విమానం చక్రాలకూ పొట్టకూ ఎర్రటి పొడి. ఆదోని పక్కన నేను ఊహించిన తాత్కాలిక మైదానంలో దిగే టెంపెస్ట్‌లకు మాత్రం రేగడి నలుపు. మన చేలో మట్టినే ఎండబెట్టి, పాత పైటకొంగులో జల్లించి, మెత్తటి కుంచెతో అద్దాను. మ్యాపు కింద పరిచేది ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన నేత సొసైటీకి ఆ కథాకాలానికి పదేళ్లు. గుడ్డకు రంగులద్ది చేలు, నది, రైలు పట్టా గీశాను. కొన్న రబ్బరు మ్యాట్లు దీనికి సాటిరావు.

ఇప్పుడు మనసులో మాట ఒకటి. యుద్ధం బొమ్మలతో ఆటేమిటని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ ఏడాది రజాకార్ల చేతుల్లోనూ, సైన్యం వచ్చిన తర్వాతి రోజుల్లోనూ ఊళ్లలో అమాయకులు ఎంతోమంది పోయారు, రెండు మతాలవాళ్లూ. మన ఆదోనిలో రెండు మతాల ఇళ్లూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఆ కథలు విని పెరిగిన పెద్దలు రెండు వైపులా ఉన్నారు. అందుకే నా బల్ల మీద వంతెనలు, ఇంధనం గోదాములు, విమానాల మైదానాలు మాత్రమే లక్ష్యాలు. ఊరి మీద బాంబు పడితే వేసినవాళ్లు ఆ క్షణమే ఓడిపోయినట్టు. గురి తప్పిందనే సాకు చెల్లదు. ఈ నియమం పెట్టాక ఆట చప్పబడుతుందనుకున్న మా మరిది పిల్లలు ఇప్పుడు ప్రతి ఎత్తుకూ ముందు ఊళ్లెక్కడున్నాయో చూసుకుంటున్నారు.

ఇప్పుడు టేబుల్ మీద సగం రంగుతో ఉన్నది డకోటా అనే ప్రయాణికుల విమానం. దక్కన్ ఎయిర్‌వేస్‌ది. 1945లో మొదలైన ఆ కంపెనీలోనే మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ గారు పనిచేశారు. 1947లో లైసెన్సు తీసుకుని, 1949లో జాతీయ విమాన పందెం గెలిచారు. నవంబరు 29 దాటాక, మంటల మధ్య చిక్కుకున్న జనాన్ని బేగంపేట నుంచి బయటికి చేర్చే డకోటాను ఆమె నడుపుతున్నట్టు ఊహించుకున్నాను. దాన్ని ఏ పక్షమూ కాల్చకూడదు. అది క్షేమంగా బల్ల దాటితే, దారిచ్చిన ఇద్దరికీ సమానంగా మార్కులు. కిటికీలకు నల్లరంగు అయింది, తలుపు పక్కన కంపెనీ పేరు రాయడం మిగిలింది. అక్షరాలు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. సన్న కుంచె పట్టడం వచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఈ ఆదివారం ఇంటికి రండి. ఉగ్గాని, బజ్జీ నేను చేస్తాను, అక్షరాలు మీరు రాయండి.