ఉమ్మెత్త ఎవరి చుట్టం?

నేను ఇంటర్‌లో ఎంపీసీ. మొక్కలతో నా పరిచయం పదో తరగతి పరీక్షతోనే ఆగిపోయింది. అలాంటి నన్ను పోయిన నెల ఒక శనివారం, మేం ఎన్ఎస్ఎస్ తరఫున వెళ్ళే బడిలో, ఏడో తరగతి పిల్లలకి మొక్కల వర్గీకరణ చెప్పమన్నారు. ముందురోజు రాత్రి పీడీఎఫ్‌లు చదువుకుని వెళ్ళాను.

బయటికెళ్ళి తలా ఒక ఆకో కాయో తెమ్మన్నాను. ఒకడు గుండ్రటి ముళ్ళకాయ తెచ్చాడు. "లోపల గింజలెలా ఉన్నాయో చూద్దాం" అని నేనే చీల్చి, గింజలు అరచేతిలో పోసుకుని ముందు బెంచీకి అందించబోయాను. వెనక నుంచి ఒక పాప అరిచింది: "అన్నా, అది ఉమ్మెత్త! తింటే పిచ్చెక్కుద్ది. చేతులు కడుక్కో!"

కడుక్కున్నాను. సిగ్గేసిన విషయం ఏంటంటే, డటూరా విషమని రాత్రే చదివాను. నాకు పేరు తెలుసు, మొక్క తెలీదు. ఆ పాపకి మొక్క తెలుసు. పాఠం మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాం, ఈసారి ఇద్దరం కలిసి. అదే ఇక్కడ రాస్తున్నాను.

నాలుగు ప్రశ్నలు

కోడ్ రాసేవాళ్ళకి ఇది ఇఫ్-ఎల్స్ లాంటిదే.

ఒకటి: మొక్కలో నీళ్ళు మోసే నాళాలు ఉన్నాయా? లేకపోతే అది వానాకాలం తడి గోడల మీద పచ్చగా పట్టే మాస్ లాంటిది.

రెండు: విత్తనాలు ఉన్నాయా? లేకపోతే ఫెర్న్. ఆకు తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. సిద్ధబీజాలు ఉండేది అక్కడే.

మూడు: విత్తనం కాయ లోపల ఉందా? లేకపోతే సైకస్, పైన్ లాంటి వివృతబీజాలు. సైకస్ చూడ్డానికి ఈతచెట్టులా ఉంటుంది కానీ దానికి చుట్టం కాదు. ఈతచెట్టు పూస్తుంది, కాస్తుంది. సైకస్‌కి పువ్వే ఉండదు.

నాలుగు: విత్తనంలో బద్దలెన్ని? కందిగింజ, వేరుశనగ గింజ రెండుగా విడిపోతాయి. ఆ బద్దలే బీజదళాలు. ఇవి ద్విదళబీజాలు. సాధారణంగా వీటి ఆకుల్లో ఈనెలు వలలా ఉంటాయి, తల్లివేరు ఉంటుంది. వరి, జొన్న, కొబ్బరి ఏకదళబీజాలు. వీటి ఈనెలు పక్కపక్కనే గీతల్లా సాగుతాయి, వేర్లు పీచులా ఉంటాయి.

చుట్టరికం

వంటింట్లో మనం వాడకాన్ని బట్టి పేర్లు పెడతాం. బంగాళాదుంప, చిలగడదుంప రెండూ దుంపలే. కానీ మొదటిది నేలలో ఊరిన కాండం, అందుకే దాని కళ్ళ నుంచి మొలకలొస్తాయి. రెండోది ఊరిన వేరు. చిలగడదుంప చుట్టం తూటికూర. బంగాళాదుంప చుట్టాలు వంకాయ, టమాటా, మిరప, పొగాకు. ఈ కుటుంబం పేరు సొలనేసి.

గుర్తుపట్టడానికి పువ్వు చూడాలి. సాధారణంగా అయిదు ఆకర్షణ పత్రాలు అడుగున కలిసిపోయి, అయిదు కేసరాలు, కాయ నిండా బోలెడు గింజలు. వంకాయ పువ్వు, మిరప పువ్వు పక్కపక్కన పెట్టాం. తర్వాత ఆ పాప ఉమ్మెత్త పువ్వు చూపించింది. అదీ ఈ ఇంటిదే.

వెంటనే అడిగింది: "మరి వంకాయ తింటే మనకేం కాదా అన్నా?"

మంచి ప్రశ్న. ఈ కుటుంబంలో చాలా మొక్కలు పురుగుల నుంచి, పశువుల నుంచి కాపాడుకోడానికి ఆల్కలాయిడ్లు తయారుచేస్తాయి. పొగాకులో నికోటిన్, ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపొలమిన్. ఏది, ఎంత, ఏ భాగంలో అన్నది మొక్కని బట్టి మారుతుంది. మనం తినే వంకాయలో అంత ప్రమాదం లేదు. కానీ ఎండ తగిలి పచ్చబడిన బంగాళాదుంపలో, దాని మొలకల్లో సొలనిన్ పెరుగుతుంది. ఉడికించినా పెద్దగా పోదు. అమ్మ ఆ పచ్చభాగం కోసి పారేస్తుంటే ఊరికే వృథా చేస్తోందనుకునేవాణ్ణి. కుటుంబం తెలిస్తే "తినొచ్చు", "తినకూడదు" అని తేలిపోదు. ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది.

ఇంటిపేరు ముందు

1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ తనకు తెలిసిన మొక్కలన్నిటికీ రెండు మాటల పేర్లు పెట్టాడు. ముందు ప్రజాతి, తర్వాత జాతి. మనం ఇంటిపేరు ముందు రాసుకున్నట్టే. వంకాయ సొలానమ్ మెలాంజీనా, బంగాళాదుంప సొలానమ్ ట్యూబరోసమ్. టమాటాని కూడా ఆయన సొలానమ్‌లోనే పెట్టాడు. మరుసటేడాదే ఇంకో శాస్త్రవేత్త దాన్ని వేరే ప్రజాతిగా విడదీశాడు. రెండు వందల ఏళ్ళు దాటాక డీఎన్ఏ చూసి మళ్ళీ సొలానమ్‌లోకే తెచ్చారు. వర్గీకరణకీ కొత్త వెర్షన్లు వస్తాయన్నమాట.

ఇప్పుడు నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. పేజీకి మూడు గళ్ళు: శాస్త్రీయ నామం, కుటుంబం, ఊళ్ళో పిలిచే పేరు. మొదటి రెండూ నేను నింపుతాను. మూడోది శనివారం పిల్లలు నింపుతారు. మొదటి పేజీలో ఆ పాప తన చేత్తోనే రాసింది: ఉమ్మెత్త. పక్కన ఎర్ర పెన్నుతో, "ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి."

మన హాస్టల్ వెనకున్న మొక్కల్లో మీకు ఎన్నిటి పేర్లు తెలుసు? నాకైతే నాలుగు.